గృహస్థుడుగా బాబాసాహెబ్



కూడళ్ళలో చూపుడువేలు చాచి నిలిచిన బాబాసాహెబ్ అంబేడ్కరును మనమందరమూ ఎరుగుదుము. ఇంటి గడప లోపలి ఆయనను అంతగా ఎరుగము. నేడు ఆ గృహస్థును స్మరించుకొందాము.

రమాబాయితో ఆయన వివాహం 1906లో జరిగింది. కలిగిన ఐదుగురు బిడ్డలలో యశ్వంత్ ఒక్కడే దక్కాడు. 1935లో రమాబాయి కన్నుమూశారు. తరువాత పాకిస్తాన్ సమస్యపై రచించిన గ్రంథాన్ని ఆయన ‘రాము’ స్మృతికి అంకితమిచ్చి, లేమి దినాలలో తనతోపాటు కష్టాలు భరించిన ఆమె ఓర్పును తలచుకొన్నారు. రాజకీయ గ్రంథపు తొలిపుటలోనే ఇల్లాలి ఋణాన్ని చాటిన భర్త ఆయన.

ఆయన జిజ్ఞాసకు వయస్సు అడ్డురాలేదు. దాదరులో గ్రంథాలయానికి చోటు కల్పిస్తూ ఇల్లు కట్టించుకొని, దానికి ప్రాచీన మగధ రాజధాని పేరిట ‘రాజగృహ’ అని నామకరణం చేశారు. మలివయస్సులో వయొలిన్ నేర్చుకొన్నారు.

హాస్యప్రియత్వమూ తక్కువ కాదు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో, ముసాయిదాను అడుగడుగునా ప్రశ్నించిన కామత్, కె.టి. షా మొదలైన వారిని ‘తిరుగుబాటుదారులు’గా పేర్కొని, వారు లేకుంటే చర్చలు చప్పగా సాగేవని చమత్కరించి, కృతజ్ఞత చెప్పారు.

ఆయన మరణానంతరం 1957లో వెలువడిన ‘బుద్ధుడు - ఆయన ధమ్మము’లో భార్యాభర్తలకు, బిడ్డలకు, యజమానులకు, సేవకులకు కూడా నియమాలు కూర్చారు. జయంతినాడు విగ్రహానికి పూలమాల వేసి, ఇంటికి వెళ్ళి భార్యను కించపరచేవాడు ఆ గ్రంథాన్ని తెరవనివాడే. ధమ్మాన్ని మన వంటింటి దాకా తీసుకొనిపోదాము. బిడ్డల ప్రశ్నలను విందాము, వారితో కలిసి నవ్వుదాము. ఆయనకు మనమిచ్చే నివాళి అది.

నమో బుద్ధాయ! జై భీమ్!