ఇసుక మీద పునాది



మా నాన్న కాలవ మీద లస్కరు. లాకుల పక్కన సర్కారు ఇచ్చిన రెండు గదుల పెంకుటింట్లో నేను పెరిగాను. తెల్లారకముందే లేచి, లాంతరు పట్టుకుని మెట్లు దిగి, రాతి మీద చెక్కిన అంకెల దగ్గర నీటిమట్టం చూసి పుస్తకంలో రాసేవారు. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు అడుగున ఉన్న పాత కట్టుబడి బయటపడేది. దాన్ని అరచేత్తో తడిమి, "కాటన్ దొర నాటి రాయిరా" అని చూపించేవారు. ఆ దొర ఇంజనీరని మాత్రమే నాకు తెలుసు. ఆయన యుద్ధాలు చేసిన సైనికుడని, జనరల్ హోదాలో పదవీ విరమణ చేశారని నేను ఇంజనీరింగులో చేరాక గానీ తెలియలేదు. నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్ల పైన పనిచేశాను. ఇన్నాళ్లూ ఆ విషయం నన్ను వదల్లేదు. అందుకే ఇవాళ సర్ ఆర్థర్ థామస్ కాటన్ అనే సైనికుడి గురించి మీతో చెప్పుకోవాలనుకున్నాను.

1803 మే 15న పుట్టారు. పదకొండు మంది అన్నదమ్ముల్లో ఒకరు. పదిహేనో ఏట ఈస్టిండియా కంపెనీ సైనిక పాఠశాల అడిస్కోంబులో చేరి, పదహారో ఏటికి మద్రాసు ఇంజనీర్ల దళంలో అధికారి అయ్యారు. 1821లో మద్రాసులో దిగారు. మూడేళ్లకే మొదటి బర్మా యుద్ధం వచ్చింది. 1824 నుంచి 1826 దాకా ఆ చిత్తడి అడవుల్లో, దుంగలు పాతి కట్టిన కోటల మీదికి వెళ్లే దాడి దళాల ముందు నడిచారు. అలాంటి చోట ఇంజనీరు అధికారి పని ఏమిటంటే, గుండ్లు కురుస్తుండగా అందరికంటే ముందు వెళ్లి గోడ ఎక్కడ బలహీనంగా ఉందో కనిపెట్టడం. ఆ కన్ను ఆయనకు జన్మంతా ఉంది. తర్వాత కోటల మీద కాక నదుల మీద దాన్ని వాడారు.

ఆయన సైనిక జీవితంలో అసలు మలుపు బర్మాలో రాలేదు, కావేరి ఒడ్డున వచ్చింది. కొల్లడం పాయ కావేరి నీళ్లన్నీ లాగేసుకుంటూ ఉంటే తంజావూరు ఎండిపోతోంది. దానికి 1836లో ఆనకట్టలు కట్టారు. ఆ పనికి పాఠం చెప్పింది ఇంగ్లండు పుస్తకాలు కాదు. చోళుల నాటి కల్లణై. ఎంత లోతుకు పోయినా రాయి తగలని ఇసుకలో కట్టడం ఎలా నిలబెట్టాలో ఈ దేశపు పనివాళ్ల దగ్గరే నేర్చుకున్నామని ఆయనే రాసుకున్నారు. పరిపాలించే జాతికి చెందిన సైనికాధికారి ఆ మాట కాగితం మీద పెట్టడం చిన్న సంగతి కాదు. పట్టా చేతికొచ్చిన రోజున ఇది మీ చెవిన పడాలని నా కోరిక.

ఇప్పుడు మన గోదావరి దగ్గరికి వస్తాను. ఇవాళ పచ్చగా కనిపిస్తున్న ఈ సీమను చూసి అప్పటి రూపు ఊహించడం కష్టం. 1832-33 నందన కరువు వచ్చింది. 1839లో ఉప్పెన కోరంగిని ముంచేసింది. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా 7 లక్షల 38 వేలు ఉంటే, 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగింది. చచ్చినవాళ్లు చచ్చారు, మిగిలినవాళ్లలో ఎందరో ఊళ్లొదిలి వెళ్లారు. నిండుగా పారే నది పక్కనే ఇది జరిగింది. వరదొస్తే ముంచుతుంది, వరద తీస్తే నీళ్లు చేలకంటే కిందికి దిగిపోతాయి.

కాటన్ ఈ ప్రాంతమంతా తిరిగి చూశారు. కంపెనీకి 1844, 1845లలో నివేదికలు పంపారు. ఆ నివేదికల్లో దయ గురించి తక్కువ, శిస్తు గురించి ఎక్కువ రాశారు. ఎంత ఖర్చవుతుంది, ఎంత తిరిగొస్తుంది అని లెక్కలు వేశారు. కంపెనీకి అర్థమయ్యే భాష అదొక్కటే. మనం ఈ మాట దాచకూడదు. ఆనకట్ట కట్టడానికి ఒప్పుకున్నది రాబడి పడిపోయి బెంగపడుతున్న వ్యాపార సంస్థ. మన తాతలకు దక్కిన నీళ్లు వాళ్ల లెక్కల పుస్తకం గుండా వచ్చాయి. ఆ పుస్తకాన్ని మనవైపు తిప్పిన మనిషి మాత్రం కాటన్.

1847లో పని మొదలైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. మధ్యలో లంకలు. పన్నెండడుగుల ఎత్తున, మొత్తం మూడున్నర కిలోమీటర్లకు పైగా కట్టడం. ఈ పనికి ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారో మీకు ధవళేశ్వరం గుట్ట చూస్తే తెలుస్తుంది. రాయి అక్కడే ఉంది, దాన్ని నదిదాకా తేవడానికి పట్టాలు వేసి బండ్లు నడిపారు. పునాదికి ఇసుకలో బావులు దింపారు, దిగువన రాళ్లు పరిచారు. వరద వచ్చేలోగా ఎంత కడితే అంత. అడిగినంతమంది ఇంజనీర్లను ప్రభుత్వం ఇవ్వలేదు. పని ముమ్మరంగా ఉన్నప్పుడు పదివేల మంది దాకా నదిలో దిగారు. ఆ కూలీలను కూడగట్టి, పని దగ్గరుండి నడిపించినవారిలో మన వీణెం వీరన్న గారు ముందుంటారు. ఆయన పేరు ఈ జిల్లాలో ప్రతి పాఠశాల పిల్లవాడికీ తెలియాలి. మిగతా పదివేల పేర్లు ఏ రాతి మీదా లేవు. మట్టి తవ్వినవాళ్లు, రాయి కొట్టినవాళ్లు, సున్నం నూరిన ఆడవాళ్లు. మీలో ఎవరి ముత్తవ్వ వాళ్లలో ఉందో మీకు తెలియదు, నాకూ తెలియదు.

1848లో ఎండదెబ్బకు కాటన్ ఆరోగ్యం పూర్తిగా పాడైంది. ఆస్ట్రేలియా వెళ్లి రెండేళ్లు ఉండిపోవాల్సి వచ్చింది. కెప్టెన్ ఓర్ ఆ పనిని ఆపకుండా నడిపారు. తర్వాత బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట కట్టింది కూడా ఆయనే. కోనసీమకు నీళ్లు దాటించే గన్నవరం అక్విడక్టు హేగ్ అనే మరో ఇంజనీరు చేతి పని. 1852కల్లా ధవళేశ్వరం పూర్తయింది. ఇవాళ ఈ నీటి కింద సుమారు పది లక్షల ఎకరాలు పండుతున్నాయి, సార్వా ఒకటి, దాళ్వా ఒకటి.

మీకు మరో జనరల్ని చూపించాలి. ఆ కథ చాలా దూరంలో జరిగింది గానీ దాని సెగ కాకినాడకూ తగిలింది. రాబర్ట్ ఇ. లీ 1807లో అమెరికాలోని వర్జీనియాలో పుట్టారు. ఆయనా సైనిక ఇంజనీరే. వెస్ట్ పాయింటులో 1829లో రెండో స్థానంలో పట్టా పుచ్చుకున్నారు. కాటన్ కొల్లడం మీద ఆనకట్టలు కట్టిన మరుసటేడు, 1837లో, లీని మిసిసిపీ నది మీదికి పంపారు. సెయింట్ లూయిస్ రేవు ఇసుకతో పూడిపోతోంది. ఆయన నదిలో కట్టలు వేసి ప్రవాహాన్ని ఊరివైపు మళ్లించారు, ఆ ప్రవాహమే ఇసుకను కడిగేసింది. నది బలంతోనే నదిని దిద్దడం అంటే ఇదే. ఇద్దరిదీ ఒకే చదువు, ఒకే చేతివాటం. మెక్సికో యుద్ధంలో శత్రు స్థావరాల చుట్టూ దారి కనిపెట్టిన లీ ధైర్యం కూడా కాటన్ బర్మాలో చూపించినలాంటిదే.

1861 వచ్చింది. ఆ ఏడు కాటన్‌కు సర్ బిరుదు ఇచ్చారు. ఆ ఏడే ఏప్రిల్‌లో అమెరికాలో ఉత్తరాదికీ, విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకూ మధ్య అంతర్యుద్ధం మొదలైంది, లీకి ఉత్తరాది సైన్యాన్ని నడపమని కబురు వచ్చింది. ఆయన కాదన్నారు. ముప్పై ఏళ్లు వేసుకున్న యూనిఫారం వదిలేసి సొంత రాష్ట్రం వైపు వెళ్లారు. దక్షిణాది రాష్ట్రాలు విడిపోయింది దాదాపు 35 లక్షల మందిని బానిసలుగా ఉంచుకోవడానికి. తన ఊరి మీద ప్రేమతో వెళ్లానని ఆయన అనుకున్నారు. కావచ్చు. కానీ ఆ నేర్పంతా, ఆ క్రమశిక్షణంతా ఏ పనికి పోయిందో చూడండి. 1863 జులైలో గెటిస్‌బర్గ్‌లో మూడు రోజులు పోరాడి ఓడారు. 1865 ఏప్రిల్ 9న లొంగిపోయారు. ఆ యుద్ధంలో ఆరు లక్షలకు పైగా ప్రాణాలు పోయాయి.

దక్షిణాది రేవుల్ని ఉత్తరాది నౌకలు దిగ్బంధం చేస్తే ఇంగ్లండు మిల్లులకు పత్తి ఆగిపోయింది. వర్తకులు మనవైపు చూశారు. కాకినాడ రేవునుంచి పత్తి ఎగుమతి ఒక్కసారిగా ఎగిసింది. యుద్ధం ఆగగానే ఆ జోరు తగ్గింది. మరొకరి రక్తం మీద వచ్చిన గిరాకీ అది. వరి మాత్రం ఆగలేదు, నీళ్లు కాలవల్లో పారుతూనే ఉన్నాయి.

యుద్ధం తర్వాత లీ ఒక కళాశాలకు అధ్యక్షుడయ్యారు. మీలాంటి పిల్లలకు పట్టాలిచ్చి, 1870లో పోయారు. రిచ్‌మండ్‌లో 1890లో నిలబెట్టిన ఆయన గుర్రపు విగ్రహాన్ని 2021 సెప్టెంబరు 8న ఆ రాష్ట్ర ప్రభుత్వమే క్రేన్లతో దించేసింది. మన దగ్గర బ్రిటిష్ పాలన పోయి ఇన్నేళ్లయినా కాటన్ విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. కొత్తవి కూడా పెడుతున్నారు. పుష్కరాల్లో తమ పెద్దలతోపాటు ఆయనకూ పిండం పెట్టిన రైతుల్ని నేను చూశాను. ఎవరూ చెప్పి చేయించింది కాదది. విగ్రహాన్ని నిలబెట్టేది సిమెంటు కాదని నాకు రాజమండ్రి రేవులో అర్థమైంది.

కాటన్ అన్నీ గెలిచారని చెప్తే అబద్ధమవుతుంది. నదులన్నీ కాలవలతో కలపాలని, పడవల మీద సరుకు రవాణా చేస్తే రైలు కంటే చవకని ఆయన జీవితాంతం వాదించారు. పడవల రాబడి మీద ఆశ పెట్టుకుని మొదలైన కర్నూలు-కడప కాలవ కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది, 1882లో ప్రభుత్వం దాన్ని కొనేయాల్సి వచ్చింది. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు ఆయన లెక్కల్ని తునకలు చేశారు. అప్పటికి మద్రాసు సీమలో లక్షల మంది కరువులో చచ్చిపోయారు. డెబ్బై ఐదేళ్ల జనరల్ అక్కడ నిలబడి రైళ్ల కంటే నీళ్లు ముందు అని చెప్పారు. బర్మాలో గుండ్లకు ఎదురు వెళ్లడం కంటే ఆ రోజు సొంత ప్రభుత్వానికి ఎదురుగా నిలవడమే గొప్ప సాహసమని నా నమ్మకం. మీలో ఎవరైనా రేపు పెద్ద పదవిలో కూర్చుని, పైవాళ్లకు నచ్చని లెక్క కాగితం మీద పెట్టాల్సి వస్తే ఆ ముసలాయన మీకు గుర్తొస్తే చాలు.

ఆయన ఆనకట్ట నూట ఇరవై ఏళ్లకు పైగా వరదల్ని కాచింది. దానికి బదులు 175 తలుపులతో కట్టిన బ్యారేజీ 1982కి పూర్తయింది, పేరు మాత్రం ఆయనదే. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిన రాత్రులు మేమెవరమూ నిద్రపోలేదు. అందులో ఒక రాత్రి మా నాన్న, రిటైరైనా సరే, లాంతరు పట్టుకుని గట్టు మీదికి వచ్చి నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు.

కాటన్ చివరి ఏళ్లు ఇంగ్లండులో డార్కింగ్ అనే ఊళ్లో గడిచాయి. ఆయన పోయింది 1899 జులై 24న, తొంభై ఆరో ఏట. కూతురు రాసిన జీవిత చరిత్రలో ఆ రోజుల ముచ్చట ఉంది. యుద్ధాలు చూసి, నదుల్ని మళ్లించిన ఆ జనరల్, ఇంటి పెరట్లో చిన్న మడి చేసుకుని, నేల లోతుగా తవ్వితే గోధుమ ఇంకా ఎంత పండుతుందో చూస్తూ ఉండేవారు.