నూలు టాప్ అల్లే ముందు

క్రోషే లేసు అల్లికలకు నరసాపురం పెట్టింది పేరు. ఆ క్రోషే సూదితోనే నూలు టాప్ కూడా అల్లుకోవచ్చు. ఉచితంగా దొరికే డిజైన్లలో తేలికైనది రెండు పలకలది: ముందొకటి, వెనకొకటి, భుజాల దగ్గర, పక్కలా కుట్టేస్తే సరి.

అసలు కిటుకంతా కొలతలోనే. డిజైన్‌లో 10 సెంటీమీటర్లకు 16 కుట్లని ఉంటే, 50 సెంటీమీటర్ల పలకకు 80 కుట్లు. మీ చేయి బిగువై 18 పడ్డాయనుకోండి, పలక సుమారు 44.4కి వచ్చేస్తుంది. రెండూ కలిపితే చుట్టుకొలతలో సుమారు 11 సెంటీమీటర్లు తరుగు. ఇక ఒంటికి పట్టినట్టే! ముందుగా చిన్న ముక్క అల్లి, ఉతికి ఆరేసి కొలవండి. తేడా వస్తే సూది సైజు మార్చండి. విసుగే, కానీ టాపంతా విప్పడం కంటే నయం. పైగా నూలుకు ఉన్నిలా సాగి వెనక్కి వచ్చే గుణం తక్కువ, బరువుకు కిందికి దిగుతుంది. పొడవు కాస్త తగ్గించే అల్లండి.