పలుకని యక్షరములు



రజతోత్సవ సభలో ఊరి లెక్కలు వ్రాయువాడు ఫ్రెంచి క్రియలను గూర్చి మాటలాడుట యేమని కొందఱు నవ్వుకొనవచ్చును. మన బీరువాలో ఎవ్వరును తాకని ఫ్రెంచి వాచక మొకటి కలదు. బాలవ్యాకరణమును గురువు లేకయే చదివిన ధైర్యముతో నేను దానినిగూడ చదివితిని. అంతటితో నూరకుండక మా మేనల్లునకు నేర్పితిని. వాడు పుదుచ్చేరిలో నోటిపరీక్షకు బోయి, "వారు మాటలాడుదురు" అను నర్థమున "ఇల్ పార్లెంట్" అనెను. పరీక్షకుల కది బోధపడలేదు. వాడు పరీక్ష తప్పెను, తప్పు నాది.

పిదప మే మిద్దఱమును యానాము బోయితిమి. 1954 వఱకు ఆ యూరు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను గదా! ఆ కాలమున అచట చదివిన వృద్ధుడొకడు మాచేత పుస్తకము మూయించి, "ముందు చెవితో వినుడు" అనెను. నేను, నీవు, అతడు, వారు అను నాలుగింటికిని ఈ క్రియ వ్రాతలో మూడు రూపములు దాల్చును. నోట మాత్రము అన్నియు "పార్ల్" అను నొక్కటియే. "వారు" అనుదానికి తుద వ్రాయు ఈ, ఎన్, టీ యను మూడును కంటికే గాని నోటికి గావు. మేము, మీరు అనువానికే "పార్లొఁ", "పార్లే" యని తుద వినబడును. మొదటిదాని చివర మన యరసున్నవంటి ముక్కుపలుకు గలదు.

మనము "పలికెదను" అన్నచో "నేను" అనకయే తెలియును. వారి క్రియ తుద నోట నణగిపోయినది గావున సర్వనామమును విడువ వీలులేదు. ఇన్నాళ్లును ఇది నాకేల తోపలేదో!

ఇక విఱుపు. మనకు "ర్లే" యొక యక్షరము. వారు "పార్-లే" యని రెండు హల్లుల నడుమ విఱుతురు. హల్లొకటియే యైనచో, పదము మాఱినను, అది తరువాతి యచ్చును చేరును. "అతడు ప్రేమించును" అనుట "ఇ-లెమ్". "వారు ప్రేమింతురు" అనుట "ఇల్-జెమ్". ఆ జకారము "జడ"లోని దానికి దగ్గఱ. ఏకవచన బహువచన భేదమంతయు ఆ యొక్క ధ్వనిలోనే యున్నది.

"అతడు మాటలాడునా?" యని యడుగునపుడు "పార్ల్-తిల్" అందురు. నడిమి తకారము ఆ క్రియది గాదు, తకారాంతములైన యితర క్రియలను జూచి తెచ్చుకొన్నది. "కరకుటమ్ము"లోని టుగాగమము నెఱిగిన నాకది చుట్టమువలె తోచెను.

మఱియొక వింత. సంతలో పలుకని యక్షరము పద్యములో లేచును! 17వ శతాబ్దపు రసీను నాటకముల పండ్రెండక్షరముల పాదములో, హల్లుకు ముందు "పార్-ల" యని దానిని రెండుగా లెక్కింతురు. పాదాంతమున మాత్రము లెక్కింపరు. వృద్ధుడు వ్రేళ్లు మడచుచు చదివి చూపెను.

మేనల్లుడు మఱుసటి యేట నెగ్గెను. ఆ వాచకమున పలుకని యక్షరములకెల్ల నేను పెన్సిలుతో సున్నలు చుట్టితిని. గ్రంథాలయపు పుస్తకముపై వ్రాసినందులకు కార్యదర్శిగారు మన్నింతురుగాక.