గోధుమ, జన్యువు, జాతి: సిలియాక్ జబ్బు చెప్పని లెక్కలు

మాట్లాడవలసిన పెద్దలు చాలామంది ఉన్నారు, కనుక ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వస్తాను.

నేను వైద్య విద్యార్థిగా ఉన్న రోజుల్లో సిలియాక్ జబ్బు పాఠం అరపేజీ దాటేది కాదు. తెల్లవాళ్ల పిల్లలకు వచ్చే విరేచనాల జబ్బట, పరీక్షలో రాదు అని సీనియర్లు పేజీ తిప్పించేసేవారు. ఉత్తర భారత పిల్లల్లో ఈ జబ్బు ఉందని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 1966లోనే అచ్చయింది. అది మన తరగతి గదికి చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. చివరికి పంజాబు వాళ్లకు వస్తుందని ఒప్పుకున్నాం, దక్షిణాది వాళ్లకు మాత్రం రాదన్నాం. ఆ మాట ఓపీల్లో ఇప్పటికీ వినిపిస్తోంది. నా పేచీ ఆ మాటతోనే.

గోధుమలో, బార్లీలో, రై ధాన్యంలో ఉండే గ్లూటెన్ కొందరి ఒంట్లో రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొడుతుంది. చిన్నపేగులో పోషకాలను పీల్చుకునే ఆంత్రచూషకాలు అరిగి చదునైపోతాయి. ఈ జబ్బుకు మూలం గోధుమేనని తేల్చినవాడు హేగ్ నగరపు పిల్లల వైద్యుడు విలెం కారెల్ డికె. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో రొట్టె కరువై జనం ట్యూలిప్ గడ్డలు తిన్నారు. ఊరంతా చిక్కిపోతుంటే ఈ జబ్బు పిల్లలు తేరుకున్నారు. రొట్టె మళ్లీ రాగానే జబ్బూ తిరగబెట్టింది. ఆయన అనుమానం అంతకు ముందునుంచీ ఉన్నదే. 1950 నాటి సిద్ధాంత గ్రంథంలో దానికి రుజువులు పెట్టాడు.

గోధుమ తిన్న ప్రతివాడికీ ఇది రాదు. హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2 గాని డీక్యూ8 గాని జన్యువు ఉండాలి. అవి ఉన్నవాళ్లలోనూ చాలామందికి జీవితాంతం ఏమీ కాదు. మన దేశంలో మూడు ప్రాంతాల్లో 23,331 మంది పెద్దవాళ్లను పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రకటించారు. జబ్బును సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిన నూటికి 1.23 మందిలో, ఈశాన్యంలో 0.87 మందిలో, దక్షిణాదిన 0.10 మందిలో కనిపించాయి. మనకు రాదన్నవాళ్లు ఈ అంకె దగ్గరే ఆగిపోతారు. అదే వ్యాసంలో పక్కనే ఉన్న రెండు వరసలు చదవరు. ఆ జన్యువులు ఉత్తరాదిన 38.1 శాతం మందిలో ఉంటే దక్షిణాదిన 36.4 శాతం మందిలో ఉన్నాయి. తేడా లేనట్టే. రోజుకు తినే గోధుమ ఉత్తరాదిన సగటున 455 గ్రాములు, మన వైపు 25.

అయితే అంతా కంచంలోనే ఉందని సంబరపడేలోగా ఈశాన్యం అడ్డొస్తుంది. అక్కడ తినే గోధుమ 37 గ్రాములే, జన్యువులు 31.4 శాతమే. అయినా యాంటీబాడీలు మనకంటే ఎనిమిది రెట్లు పైనే! జన్యువూ, గోధుమా రెండూ కలిసి కూడా దీన్ని వివరించలేకపోతున్నాయి.

కరేలియా సంగతి ఇంకా విచిత్రం. సరిహద్దుకు ఇటు ఫిన్లాండ్, అటు రష్యా. పోలిక గల జన్యువులు, గోధుమ వాడకమూ దగ్గర దగ్గర. ఫిన్లాండ్ పిల్లల్లో 107 మందికి ఒకరికి ఈ జబ్బు, రష్యా వైపు 496 మందికి ఒకరికి. చిన్ననాటి అంటువ్యాధులు, పేగులోని సూక్ష్మజీవులు, పరిసరాల శుభ్రత అంటూ పరిశోధకులు వెతుకుతున్నారు. సరిహద్దు గీత ఒకటే ఇంత తేడా తెచ్చినప్పుడు జాతి అన్న ఒక్క మాటతో తీర్పు చెప్పడం తొందరపాటు కాదా?

అమెరికాలో నాలుగు లక్షలకు పైగా రోగుల పేగు బయాప్సీలను, పేర్లను బట్టి వాళ్ల మూలప్రాంతం అంచనా కట్టి, పోల్చి చూశారు. ఇంటిపేరు ముందుండే మన పద్ధతి అక్కడి కంప్యూటరుకు ఎంత అర్థమైందో గాని, దక్షిణ భారతీయుల్లో ఆంత్రచూషకాలు అరిగినవాళ్లు సున్నా. పంజాబీల్లో 3.08 శాతం, అక్కడి మిగతా జనాభా కంటే ఎక్కువ. కాని ఇది బయాప్సీ దాకా వెళ్లినవాళ్ల లెక్క, ఊరందరి లెక్క కాదు. అనుమానించని వైద్యుడు బయాప్సీ రాయడు.

మనం అనుమానించకపోవడానికి ఇంకో కారణమూ ఉంది. 1960లలో వెల్లూరు చుట్టుపక్కల పల్లెల్లో ట్రాపికల్ స్ప్రూ అనే పేగు జబ్బు ప్రబలినప్పుడు వైద్యులు బేకర్, మాథన్‌లు దాన్ని లోతుగా పరిశీలించారు. అందులోనూ ఆంత్రచూషకాలు దెబ్బతింటాయి. ఆ పని గొప్పదే. కాని తరువాతి తరం వైద్యులకు పేగు పీల్చుకోవడం లేదంటే స్ప్రూ పేరే ముందు నోటికొచ్చేది.

పైగా ఈ జబ్బు పాఠంలోని వేషంలోనే రాదు. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయికి విరేచనాలే లేవు. రక్తం తక్కువని ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగుతోంది, తోటివాళ్ల కంటే పొట్టి. తల్లి కూడా అలాగే ఉండేదాన్నని సర్దిచెప్పుకుంది. ఈ జబ్బును సూచించే టీటీజీ యాంటీబాడీలు చూస్తే హెచ్చు, బయాప్సీ కూడా అదే చెప్పింది. చపాతీ, ఉప్మా, సేమ్యా అన్నీ మానేసినా అంకెలు పూర్తిగా దిగలేదు. వంటింట్లోని ఇంగువ డబ్బా తెమ్మన్నాను. పదార్థాల జాబితాలో చిన్న అక్షరాలతో మైదా ఉంది. మన చారులోకి, పులిహోరలోకి గోధుమ వచ్చే దారి అది.

ఇక చక్కెర వ్యాధి వచ్చినవాళ్లకు రాత్రి అన్నం మానేసి చపాతీ తినమని మనమే చెబుతున్నాం. ఆ పాతిక గ్రాముల లెక్క మన ఇళ్లలో ఎంతకాలం నిలుస్తుంది? దీన్నిబట్టి రేపే జబ్బు విరుచుకుపడుతుందని నేను అనను. ఈశాన్యపు అంకెలు చూశాక అంత ధీమాగా ఎవరూ అనలేరు. ఐరన్‌కు లొంగని రక్తహీనత, ఎదగని పిల్లలు, కారణం దొరకని ఎముకల బలహీనత కనిపించినప్పుడు రోగి ఊరు చూసి టీటీజీ పరీక్ష కొట్టెయ్యవద్దు, అంతే. గ్లూటెన్ లేని పిండి కొని ముందే గోధుమ మానేసి వచ్చేవాళ్లకు ఆ పరీక్షలో జబ్బు దొరక్కపోవచ్చు. పరీక్ష అయ్యేదాకా తినమనే చెప్పాలి.

రాయలసీమ నుంచి వచ్చిన మిత్రులు పిల్లల రక్తహీనత మీద పత్రం తెచ్చారు. వారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.