చికెన్ ముక్కలో డైనోసార్ ఎముక!



ఈ ఆదివారం ఇంట్లో కోడి కోస్తే ఒక ఎముక పక్కన పెట్టండి. మెడ కింద, రొమ్ము ముందు, వీ ఆకారంలో సన్నగా ఉంటుంది. మనకి కాలర్ బోన్స్ రెండు, విడివిడిగా ఉంటాయి. కోడికి ఆ రెండూ కలిసిపోయి ఒక్కటయ్యాయి. ఇదే ఎముక వెలాసిరాప్టర్‌కి కూడా ఉంది!

అవును, జురాసిక్ పార్క్‌లో చూసిన అదే. కాకపోతే సినిమాలో చూపించినంత పెద్దది కాదు, టర్కీ కోడి అంత. 2007లో దాని ముంజేతి ఎముక మీద ఈకలు అతుక్కునే బుడిపెలు బయటపడ్డాయి. అంతకుముందే, 1996లో, చైనాలో ఒంటి మీద నూగు ఉన్న సైనోసారోప్టెరిక్స్ గురించి ప్రపంచానికి తెలిసింది. అది ఎగరలేదు. అంటే ఈకలు ముందు వచ్చాయి, ఎగరడం తర్వాత.

మరి మన దగ్గర? తెలంగాణలో, పాత ఆదిలాబాద్ జిల్లా మలేరి రాళ్లలో ఒక చిన్న జంతువు ఎముకలు దొరికాయి. 20 కోట్ల ఏళ్ల కంటే పాతవి. 1987లో శంకర్ ఛటర్జీ గారు అది మాంసం తినే డైనోసార్ అన్నారు. ఇప్పుడు దాని పేరు ఆల్వాకేరియా. తర్వాత వేరే వాళ్లు మళ్లీ పరిశీలిస్తే, అందులో వేరే జంతువుల ఎముకలు కూడా కలిశాయని తేలింది. తొడ ఎముక, చీలమండ ఎముక మాత్రం డైనోసార్‌వే.

ఇదే ఛటర్జీ గారు టెక్సాస్‌లో దొరికిన ఎముకలకి ప్రోటోఏవిస్ అని పేరు పెట్టి, ఆర్కియోప్టెరిక్స్ కంటే కోట్ల ఏళ్ల ముందటి పక్షి అన్నారు. చాలామంది సైంటిస్టులు ఒప్పుకోలేదు. అక్కడా ఎముకలు కలగాపులగం అయ్యాయని వాళ్ల వాదన.

"అయితే పక్షులు డైనోసార్లు అన్న మాటే డౌటా బ్రో?" అంటారేమో. కాదు. ఆ మాట ఒక్క శిలాజం మీద నిలబడలేదు. వీ ఎముక, ఈకలు, బోలు ఎముకలు, మూడు వేళ్ల చెయ్యి, గోబీ ఎడారిలో గుడ్ల మీద పొదుగుతూనే రాయిగా మారిన డైనోసార్. ఒక సాక్ష్యం పోయినా మిగతావి నిలబడతాయి. సైన్స్‌లో ఎవరు చెప్పారన్నది కాదు, ఎన్ని వైపుల నుంచి అదే జవాబు వస్తోందన్నది ముఖ్యం.

ఈసారి ఫిషింగ్ హార్బర్‌లో గద్ద గోళ్లతో చేపని ఎత్తుకుపోతుంటే ఒక్క క్షణం ఆగి చూడండి. "డైనోసార్లు అంతరించిపోయాయి" అని చదువుకున్నాం కదా, దానికి రెండు మాటలు కలపండి: పక్షులు తప్ప.

ఆ వీ ఎముక దొరికితే ఫొటో తీసి పెట్టండి.