శోకానికి ఎరుక, ఊరి తోడు

ఆప్తుల మరణం వల్ల కలిగే శోకం వ్యాధి కాదు. అయితే అది నెలల తరబడి తగ్గక నిద్రను, ఆకలిని, పనిపాటలను దెబ్బతీస్తే దానిని దీర్ఘకాలిక శోక రుగ్మత అంటారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పు ఇందుకు కనీసం 6 నెలల కాలాన్ని గీటురాయిగా పెట్టింది.

పల్నాడులో శోకాన్ని నలుగురూ కలిసి మోయడం ప్రాచీన సంప్రదాయం. ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండలో రాజులకే గాక సైనికులకు, శిల్పులకు సైతం ఛాయాస్తంభాలు, అంటే మృతుల స్మారక శిలలు నిలిపారు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో నేలకొరిగిన వీరులను కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి 5 రోజుల పాటు నేటికీ ఆరాధిస్తున్నారు.

అదే నాగార్జునకొండలో వర్ధిల్లిన బౌద్ధం ఎరుకను సాధన చేయమంది. శ్వాసను, గుండెలోని బరువును, మనసులో లేచే తలపును మంచిచెడులు ఎంచకుండా గమనించడమే ఎరుక. అది దుఃఖాన్ని తుడిచివేయదు గాని, దుఃఖానికి భయపడి పారిపోయే అలవాటును తగ్గిస్తుంది.

పెద్దకర్మ ముగిసి బంధువులు వెళ్లిపోయాక ఇంట్లో ఒంటరితనం పెరుగుతుంది కనుక, ఇరుగుపొరుగు వారు ఆ తరువాతి నెలల్లోనూ వెళ్లి పలకరించాలి, పోయినవారి పేరెత్తి మాట్లాడనివ్వాలి. బాధ భరించరానిదైతే, కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీమానస్ ఉచిత సేవను 14416 నంబరులో ఏ వేళనైనా తెలుగులోనే సంప్రదించవచ్చు.