నాలుగు కాలాల్లో మన గుడులు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

  మనం చదువుకున్న రోజుల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అన్నీ ఒకే పాలమూరు జిల్లా. ఇప్పుడు ఎన్ని జిల్లాలైనా గుడులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి అనబోయాను. అదీ నిజం కాదు. కొన్ని గుడులు కదిలాయి. ఈ రోజు వాటి గురించే నాలుగు మాటలు చెప్తాను.

ఉద్యోగం పని మీద ఒకసారి జపాన్ వెళ్ళాను. నారా దగ్గర హోర్యూజీ అనే బౌద్ధాలయం ఉంది. 7వ శతాబ్దపు చెక్క కట్టడం. 1934లో మొదలైన మరమ్మతుల్లో దాని ప్రధాన మందిరాన్ని దూలం దూలంగా విప్పి, మళ్ళీ నిలబెట్టారు. అక్కడివాళ్ళు ఒకే గుడికి పూల కాలంలో ఒకసారి, ఆకులు ఎర్రబడినప్పుడు ఒకసారి, మంచులో మరోసారి వెళ్తారు. నాతో వచ్చిన జపాను ఇంజనీరు, “మీ ఊళ్ళో ఆ శతాబ్దపు గుడి ఏదైనా ఉందా?” అని అడిగాడు. తొమ్మిది ఉన్నాయన్నాను. నమ్మలేదు.

అలంపూర్ నవబ్రహ్మ ఆలయాల మాట చెప్పాను. పేరుకు బ్రహ్మలు, లోపల ఉన్నది శివలింగాలు. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించినవి. ఒంపు తిరిగిన శిఖరం, దాని మీద పెద్ద ఉసిరికాయలాంటి ఆమలకం. మన దక్షిణాదిలో ఇటువంటి శిఖరాలు అరుదు. వీటిని చూడాలంటే చలికాలం పొద్దున్నే వెళ్ళాలి. ఏటవాలు ఎండ పడి స్వర్గబ్రహ్మ ఆలయం గోడల మీది బొమ్మలు లేచి నిలబడతాయి. మిట్టమధ్యాహ్నం వెళ్తే అంతా ఒకే ఎర్ర రాయి. ఈ గుడుల చరిత్రను లోకానికి చెప్పడానికి జీవితమంతా వెచ్చించిన గడియారం రామకృష్ణశర్మ గారి పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో!

అదే ఊళ్ళో సంగమేశ్వరాలయం ఉంది. అది ఆ ఊరిది కాదు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని రాయి రాయి విప్పి, ప్రతి రాయికీ అంకె వేసి, అలంపూర్ తెచ్చి మళ్ళీ కట్టారు. నా వృత్తి కళ్ళతో చూస్తే ఇది మామూలు పని కాదు. సున్నం లేకుండా రాయి మీద రాయి కూర్చోబెట్టిన కట్టడం అది. ఒక వరసలో తేడా వస్తే పై వరసలన్నీ తప్పుతాయి. పాపనాశి గుడులూ అలాగే వచ్చాయి. సోమశిల గుడులు మునక దాటి గట్టెక్కాయి. నవబ్రహ్మలకు మాత్రం తుంగభద్ర వైపు రక్షణ కట్ట కట్టి, ఉన్నచోటే ఉంచారు.

వానాకాలంలోనైతే అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం. కొండ చరియ కింద గుడి, పైనుంచి రాళ్ళ సందుల్లో కారే నీళ్ళు. మెట్లు పాచి పట్టి ఉంటాయి, మన వయసువాళ్ళు చేతికర్ర మరవద్దు. కార్తీకంలో సోమశిల, వీలైతే వనపర్తి సంస్థానాధీశుల శ్రీరంగాపురం. చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతర. ఏడాదిలో ఆ కొద్ది రోజులే దారి వదులుతారు. లింగమయ్యకు చెంచులే పూజారులు. వచ్చేవాళ్ళు వస్తున్నామని, పోయేవాళ్ళు పోతున్నామని లోయంతా వినబడేలా ఆయనకు కేకేసి చెప్తారు. అంత నడిచాక గుహ ముందు జలపాతం కింద నిలబడితే, ఎండాకాలమన్న మాటే మరిచిపోతాం.

ఎండలు ముదిరితే అవతలి ఒడ్డున సప్తనది సంగమేశ్వరం బయటపడుతుంది. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. అది 840 ప్రాంతానికి దిగేకొద్దీ ముందు శిఖరం, తర్వాత గోడలు, చివరికి గర్భగుడిలోని వేప మొద్దు లింగం. మళ్ళీ వరద రాగానే పూజారి చివరి పూజ చేసి పడవెక్కుతాడు.

ఆ రోజుల్లోనే మా ఊరూ బయటపడుతుంది. మీలో చాలామందికి తెలియదు, నేను ఆరో తరగతిలో ఈ బడికి వచ్చింది ఆ నీళ్ళ వల్లే. 1981లో ఊళ్ళు ఖాళీ అయినప్పుడు మా నాన్న బండి మీద సామానుతో పాటు నన్నూ ఎక్కించాడు. వందకు పైగా ఊళ్ళవి ఇలాంటి కథలే. మూడేళ్ళ కింద మా అమ్మను అక్కడికి తీసుకెళ్ళాను. పగుళ్ళిచ్చిన ఒండ్రు మీద చెప్పులు విడిచి నడిచింది. పునాదుల వరస లెక్కపెట్టుకుంటూ పోయి ఒక రోలు దగ్గర ఆగి, “ఇది మనది కాదురా, మీ పెద్దమ్మ వాళ్ళది. మనది ఇంకో రెండిళ్ళవతల” అంది. సరిగ్గా అక్కడే ఉంది మా గడప రాయి. గుడి రాళ్ళకు అంకెలు వేసినట్టు ఆ ఇళ్ళకు ఎవరూ వేయలేదు. ఆమెకు మాత్రం అన్నీ గుర్తున్నాయి.

జలాశయాలు అక్కర్లేదని నేననను. నేను తిన్నది నీటిపారుదల ఉద్యోగపు జీతమే. కానీ ఆ వరసలు గుర్తున్న తరానికి ఇప్పుడు ఎనభై దాటాయి. అందుకే సంఘం తరఫున ఒక పని పెట్టుకున్నాం. ఈ మాఘంలో తొమ్మిదో తరగతి పిల్లలను అలంపూర్ తీసుకెళ్తాం. టేపు, గ్రాఫు కాగితం ఇచ్చి, కూడవెల్లి గుడి కొలతలు వాళ్ళ చేతనే తీయిస్తాం. ఎండాకాలంలో నీళ్ళు దిగాక, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని ఒక మునిగిన ఊరి పటం గీయిస్తాం. ఏ ఊరన్నది ఇంకా తేలలేదు. మీ ఇళ్ళల్లో ఆ ఊళ్ళ మనుషులుంటే, నడవగలిగినా లేకపోయినా, భోజనాల దగ్గర నన్ను కలిసి పేర్లు రాయించండి. నోటుపుస్తకం నా దగ్గరే ఉంది.